బిషప్ చేతికర్ర వెనుక ఉన్న భూమి

అధ్యక్షుల వారికి, సభ ఏర్పాటు చేసిన మిత్రులకు, ఆదివారం పూట ఎండలో ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం మధ్యయుగ యూరప్‌లో ఫ్యూడల్ సమాజం, రాచరికం, చర్చి. దాదాపు వెయ్యేళ్ల కథ ఇది. గంటలో ముగించమన్నారు. (నవ్వులు) అన్నీ చెబితే మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్క తగాదా పట్టుకుంటాను. బిషప్‌ని ఎవరు నియమించాలి? రాజా, పోపా? పైకి చూస్తే ఇది చర్చి లోపలి వ్యవహారంలా ఉంటుంది. కానీ దీని కోసం జర్మనీలో, ఇటలీలో దాదాపు యాభై ఏళ్లు కొట్టుకున్నారు. ఒక రాజు మంచులో చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. ఒక పోప్ సొంత ఊరు వదిలి ప్రవాసంలో కన్ను మూశాడు. మన పాఠ్యపుస్తకాలు దీన్ని మతానికీ రాజ్యానికీ మధ్య పోరు అని ఒక పేరాలో తేల్చేస్తాయి. నాకు ఆ మాట సరిపోదు. ఇది ప్రధానంగా భూమి తగాదా. అందులో భక్తి లేదని కాదు, భక్తి ఉంది, అది నిజమైన భక్తే. కానీ బిషప్ చేతిలో ఊళ్లు, పొలాలు, కోటలు లేకపోతే ఆయన్ని ఎవరు నియమిస్తే ఎవరికి పట్టింది?

ముందు ఆ కాలంలో భూమి చేతులు మారే పద్ధతి చూద్దాం. ఇప్పటి బెల్జియంలో బ్రూజ్ అనే ఊరుంది. అప్పట్లో అది ఫ్లాండర్స్ సంస్థానంలో ముఖ్యమైన పట్టణం. 1127 మార్చిలో అక్కడి కౌంట్, అంటే సంస్థానాధీశుడు, ఛార్లెస్‌ని చర్చిలో ప్రార్థన చేసుకుంటుండగా నరికి చంపారు. ఆ కౌంట్ దగ్గర పనిచేసిన గాల్బర్ట్ అనే గుమాస్తా తర్వాత జరిగిందంతా కళ్లతో చూసి రాసి పెట్టాడు. కొత్త కౌంట్ విలియం వచ్చాడు. ఏప్రిల్‌లో పాత కౌంట్ మనుషులంతా ఒక్కొక్కరుగా ఆయన ముందుకు వచ్చారు. "నువ్వు పూర్తిగా నా మనిషివి అవుతావా?" అని కౌంట్ అడుగుతాడు. "అవుతాను" అని వచ్చినవాడు చెబుతాడు. రెండు చేతులూ జోడించి కౌంట్ చేతుల మధ్య పెడతాడు. ఇద్దరూ ముద్దు పెట్టుకుంటారు. ఆ తర్వాత పునీతుల అస్థికల మీద చెయ్యి వేసి, నమ్మకంగా ఉంటానని ప్రమాణం చేస్తాడు. చివరికి కౌంట్ తన చేతిలోని బెత్తంతో భూమిని అతనికి అప్పగిస్తాడు.

ఇందులో మూడు సంగతులు గమనించండి. ఒకటి, ఇది ఇద్దరి మధ్య ఒప్పందం. కింది వాడు యుద్ధానికి రావాలి, సలహా ఇవ్వాలి. పైవాడు కాపాడాలి, న్యాయం చెప్పాలి, భూమి ఇవ్వాలి. ఇలా ఇచ్చిన భూమిని ఫీఫ్ అనేవారు. రెండు, ఆ ఒప్పందానికి గ్యారంటీ ఏమిటి? రిజిస్ట్రేషన్ ఆఫీసు లేదు, స్టాంపు కాగితం లేదు. అస్థికల మీద చేసిన ప్రమాణమే గ్యారంటీ. అంటే పై లోకపు భయం. ఆ భయానికి కాపలాదారు చర్చి. మూడోది, భూమి ఇస్తున్నప్పుడు చేతికి ఒక వస్తువు ఇవ్వాలి. బెత్తం కావచ్చు, జెండా కావచ్చు, మట్టిపెళ్ల కావచ్చు. చదువు రాని సమాజంలో పదిమంది చూస్తుండగా వస్తువు చేతులు మారితేనే భూమి మారినట్టు. ఈ మూడో సంగతి కాసేపు మనసులో పెట్టుకోండి, దానితోనే పని ఉంది.

ఈ మాట చెప్పగానే పిల్లలు క్లాసులో అడుగుతారు: సార్, ఇది మన జమీందారీ లాంటిదేనా అని. కాదు. జమీందారు శిస్తు వసూలు చేసి ప్రభుత్వానికి కట్టేవాడు. ఇక్కడ మూలం సైనిక సేవ. పోలిక కావాలంటే కాకతీయుల నాటి నాయంకర పద్ధతి కాస్త దగ్గరగా ఉంటుంది. నాయకుడికి సీమ ఇచ్చి సైన్యం పోషించమనడం. కానీ అక్కడ కూడా చేతుల మధ్య చేతులు పెట్టే ఈ తంతు లేదు, పోప్ అసలే లేడు. అందుకని పోలిక అక్కడితో ఆపేద్దాం.

ఇక బిషప్ దగ్గరికి వద్దాం. బిషప్ అంటే మనకు గుర్తొచ్చేది ఆదివారం ఉపదేశం చేసే మతగురువు. పదో శతాబ్దపు జర్మనీలో బిషప్ అంటే పెద్ద భూస్వామి. భక్తులు పాపాలు పోవాలని రాసిచ్చిన పొలాలు, రాజులు ఇచ్చిన ఊళ్లు, సంతల మీద సుంకం, నాణేలు ముద్రించే హక్కు, ఇవన్నీ ఆయన కిందే ఉండేవి. ఎంత భూమి ఉంటే అంత సైన్యం పంపాలి. జర్మనీ రాజు రోమ్‌లో పోప్ చేత కిరీటం పెట్టించుకుంటే చక్రవర్తి అనిపించుకునేవాడు. 981లో అలాంటి రెండో ఒట్టో చక్రవర్తి ఇటలీలో యుద్ధం చేస్తూ, ఇంటి దగ్గర నుంచి అదనంగా కవచధారి రౌతుల్ని పంపమని ఒక జాబితా రాయించాడు. ఆ జాబితా ఇప్పటికీ ఉంది. మైంజ్, కొలోన్, స్ట్రాస్‌బర్గ్, ఆగ్స్‌బర్గ్ బిషప్‌లు తలా 100 మందిని పంపాలి. మొత్తం రెండు వేల పైచిలుకు రౌతుల్లో సగానికి మించి బిషప్‌లు, మఠాధిపతులు పంపాల్సినవాళ్లే. మామూలు ప్రభువుల వాటా తక్కువ. దేవుడి మనుషులే రాజుగారి సైన్యానికి వెన్నెముక అన్నమాట.

ఇలా ఎందుకు జరిగింది? రాజుల లెక్క చాలా తెలివైనది. ఒక ప్రభువుకి భూమి ఇస్తే అతను పోయాక కొడుకు వచ్చి మా నాన్నది అంటాడు. మూడు తరాలయ్యాక అది రాజు ఇచ్చిందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. బిషప్‌కి పెళ్లి లేదు, ఉన్నా చట్టబద్ధమైన వారసుడు లేడు. ఆయన పోతే పదవి ఖాళీ అవుతుంది, రాజు మళ్లీ తనకు కావలసిన మనిషిని కూర్చోబెడతాడు. పైగా చదువుకున్నవాడు, లెక్కలు రాయగలడు, ఉత్తరాలు రాయగలడు. రాజుకి ఇంతకన్నా మంచి అధికారి ఎక్కడ దొరుకుతాడు? కొత్త బిషప్ వచ్చినప్పుడు రాజు ఆయన చేతికి ఉంగరం, గొర్రెలకాపరి కర్రలాంటి ఒక చేతికర్ర ఇచ్చి "ఈ చర్చిని స్వీకరించు" అనేవాడు. ఇందాక బ్రూజ్‌లో కౌంట్ బెత్తంతో చేసిన పని ఇక్కడ రాజు చేతికర్రతో చేస్తున్నాడు. తేడా ఏమిటంటే, ఉంగరం బిషప్‌కీ చర్చికీ జరిగిన పెళ్లికి గుర్తు. చేతికర్ర ఆత్మలను కాచే గుర్తు. ఆ పెళ్లి చేసే అధికారం కత్తి పట్టే రాజుకి ఎవరిచ్చారు?

ఈ ప్రశ్న పదకొండో శతాబ్దంలో గట్టిగా లేచింది. 910లో ఫ్రాన్స్‌లోని క్లూనీలో మొదలైన మఠం దగ్గర నుంచి ఒక సంస్కరణ గాలి వీస్తోంది. పదవులు డబ్బుకి అమ్మడం ఆపాలి, మతగురువులు పెళ్లిళ్లు చేసుకోకూడదు, బయటివాళ్లు చర్చిలో వేలు పెట్టకూడదు. చిత్రమేమిటంటే ఈ సంస్కరణకి మొదట ఊతమిచ్చింది చక్రవర్తే. 1046లో మూడో హెన్రీ ఇటలీకి వెళ్లేసరికి పోప్‌ని నేనంటే నేనని ముగ్గురున్నారు. ముగ్గురినీ దించేసి తన మనిషిని కూర్చోబెట్టాడు. అప్పుడు సంస్కర్తలు సంతోషించారు. కానీ మంచి పోప్‌ని పెట్టగలిగిన చక్రవర్తి చెడ్డ పోప్‌ని కూడా పెట్టగలడు కదా. 1059లో పోప్ రెండో నికొలస్, ఇక ముందు పోప్‌ని కార్డినళ్లే, అంటే రోమ్ చర్చి పెద్దలే, ఎన్నుకోవాలని శాసనం చేశాడు. ఇది జరిగేనాటికి మూడో హెన్రీ చనిపోయి రెండున్నరేళ్లయింది. సింహాసనం మీద ఎనిమిదేళ్ల పిల్లాడున్నాడు.

ఆ పిల్లాడే నాలుగో హెన్రీ. అతని చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఇతని మొండితనం అర్థం కాదు. 1062లో, అతనికి పదకొండేళ్లప్పుడు, రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్‌లో విందు జరిగింది. కొలోన్ ఆర్చ్‌బిషప్ అన్నో ఆ పిల్లవాణ్ణి, "కొత్త పడవ చేయించాను, చూద్దువు రా" అని పిలిచాడు. పిల్లాడు ఎక్కగానే తెడ్లు వేయించి కొలోన్‌కి ఎత్తుకుపోయాడు. భయపడి నదిలో దూకిన పిల్లవాణ్ణి ఎక్‌బర్ట్ అనే కౌంట్ వెనకే దూకి ఒడ్డుకి కాదు, మళ్లీ పడవలోకే లాగాడు. (నవ్వులు) అప్పటిదాకా కొడుకు పేరుతో పాలిస్తున్న తల్లి అధికారం అలా పోయింది. రాజుని కిడ్నాప్ చేసింది ఎవరు? ఆర్చ్‌బిషప్! బిషప్ పదవిలో తన మనిషి లేకపోతే ఏమవుతుందో హెన్రీకి పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

రెండో పక్క ఉన్నది ఏడో గ్రెగరీ. అసలు పేరు హిల్డెబ్రాండ్. 1073లో పోప్ అయ్యాడు. 1075లో ఆయన కాగితాల్లో 27 వాక్యాల జాబితా ఒకటి నమోదైంది. ప్రభువులందరూ పోప్ ఒక్కడి పాదాలే ముద్దు పెట్టుకోవాలి, పోప్ చక్రవర్తుల్ని దించగలడు, అన్యాయపు ప్రభువుకి చేసిన ప్రమాణం నుంచి ప్రజల్ని విడుదల చేయగలడు. ఇలా ఉంటుంది వరస. చదువుతుంటే కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. ప్రమాణం నుంచి విడుదల అన్న ఆ చివరి మాట మీద మాత్రం వేలు పెట్టి ఉంచండి.

ఉత్తర ఇటలీలోని మిలన్ ఆర్చ్‌బిషప్ పదవి దగ్గర గొడవ రాజుకుంది. పోప్ వద్దంటున్నా హెన్రీ తన మనిషిని పెట్టాడు. పోప్ మందలిస్తూ ఉత్తరం రాశాడు. 1076 జనవరిలో హెన్రీ వర్మ్స్ నగరంలో తన బిషప్‌లని సమావేశపరిచి, గ్రెగరీ పోపే కాదని తీర్మానం చేయించాడు. "ఇప్పుడు పోప్ కాని, దొంగ సన్యాసి హిల్డెబ్రాండ్‌కి" అని సంబోధిస్తూ లేఖ పంపాడు. ఫిబ్రవరిలో గ్రెగరీ రాజుని చర్చి నుంచి వెలి వేశాడు. అంతటితో ఆగకుండా, అతనికి ప్రమాణం చేసిన వాళ్లందరినీ ఆ ప్రమాణం నుంచి విడిపించాడు.

ఇక్కడే ఆగి ఆలోచించండి. పోప్ దగ్గర పెద్ద సైన్యం లేదు. రోమ్ నుంచి జర్మనీకి వెళ్లాలంటే ఆల్ప్స్ దాటాలి. మరి ఒక్క కాగితం ముక్కతో రాజు ఎలా కూలాడు? ఫ్యూడల్ రాజ్యం మొత్తం ప్రమాణాల మీద కట్టిన ఇల్లు. మేకులన్నీ చర్చి కొట్టినవే. వాటిని పీకే హక్కు కూడా తనదే అంది చర్చి. పైగా పీకితే బాగుండునని ఎదురుచూసేవాళ్లు లోపలే ఉన్నారు. ఉత్తర జర్మనీలోని సాక్సనీ ప్రభువులు 1073 నుంచి హెన్రీ మీద తిరుగుబాటు చేస్తూనే ఉన్నారు. తమ నేల మీద రాజు కోటలు కడుతున్నాడని వాళ్ల కోపం. 1075లో ఓడిపోయి ఊరుకున్నారు. పోప్ వెలి వేశాడనగానే వాళ్లకి ధర్మం గుర్తొచ్చింది. (నవ్వులు) దక్షిణ జర్మనీ డ్యూకులు, అంటే పెద్ద ప్రభువులు, కూడా కలిశారు. నిన్నటి దాకా హెన్రీ పక్కన సంతకాలు పెట్టిన బిషప్‌లు ఒక్కొక్కరే జారుకున్నారు. అక్టోబరులో ట్రిబూర్‌లో ప్రభువులు కూడి, ఏడాది తిరిగేలోగా వెలి తొలగించుకోకపోతే నువ్వు మా రాజువి కావని తేల్చారు. ఫిబ్రవరిలో ఆగ్స్‌బర్గ్‌కి రమ్మని పోప్‌ని ఆహ్వానించారు. అంటే రాజుని జర్మనీ గడ్డ మీదే విచారిస్తారన్నమాట.

అది జరిగితే తన పని అయిపోయినట్టేనని హెన్రీకి తెలుసు. అతనికప్పుడు ఇరవై ఆరేళ్లు. నడిచలికాలంలో భార్య బెర్తాని, మూడేళ్లయినా నిండని కొడుకుని వెంటబెట్టుకుని మాంట్ సెనీ కనుమ గుండా ఆల్ప్స్ దాటాడు. లాంబర్ట్ అనే సన్యాసి రాసిన ప్రకారం, మగవాళ్లు చేతులతో కాళ్లతో పాకారు. రాణినీ ఆమె పరిచారికల్నీ ఎద్దు తోళ్ల మీద కూర్చోబెట్టి మంచు మీదుగా కిందికి లాగారు. గుర్రాల్లో కొన్నిటికి కాళ్లు కట్టి ఈడ్చారు, చాలా చచ్చాయి. లాంబర్ట్‌కి హెన్రీ అంటే గిట్టదు, కథ కాస్త రంగు పూసి చెప్పే అలవాటుంది. అయినా జనవరిలో ఆ కనుమ దాటడం మాటలు కాదు.

పోప్ అప్పటికి ఉత్తరంగా బయలుదేరాడు. హెన్రీ వస్తున్నాడని తెలిసి, సైన్యంతో వస్తున్నాడేమోనని, ఉత్తర ఇటలీలోని కనోసా కోటలోకి వెళ్లాడు. ఆ కోట మటిల్డాది. ఈమె గురించి ఒక్క మాట. టస్కనీ నుంచి ఉత్తర ఇటలీ దాకా పెద్ద పెద్ద భూములు ఆమె చేతి కింద ఉండేవి. సైన్యాలు నడిపించిన స్త్రీ. భూమి ఉంటే ఆ సమాజంలో ఆడదానికి కూడా రాజు తలవంచాల్సి వచ్చేది. ఆమె తన భూముల్ని రోమన్ చర్చికి ఇచ్చింది, తర్వాత హెన్రీ కొడుకుని వారసుడిగా ఒప్పుకుంది. ఆమె పోయాక ఆ ఆస్తి కోసం పోప్‌లూ చక్రవర్తులూ తరాల పాటు వ్యాజ్యమాడారు.

1077 జనవరి 25 నుంచి మూడు రోజులు హెన్రీ ఆ కోట గుమ్మం ముందు రాజచిహ్నాలన్నీ తీసేసి, ఉన్ని బట్టతో, కాళ్లకి ఏమీ లేకుండా నిలబడ్డాడు. లోపల అతని జ్ఞానపిత, క్లూనీ మఠాధిపతి హ్యూ ఉన్నాడు, మటిల్డా ఉంది, అత్తగారు అడిలైడ్ ఉంది. అందరూ పోప్‌ని బతిమాలారు. ఇదేం గురుత్వం, ఇది క్రూరత్వం అని కొందరు తన ముఖం మీదే అన్నారని గ్రెగరీ స్వయంగా జర్మన్ ప్రభువులకి రాశాడు. చివరికి వెలి ఎత్తేశాడు.

సినిమాల్లో అయితే రాజు ఓటమి ఇక్కడ. నన్నడిగితే ఆ వారం గెలిచింది హెన్రీయే. క్షమాపణ కోరి మోకరిల్లిన వాణ్ణి మతగురువు కాదనలేడు. ఆగ్స్‌బర్గ్ విచారణ ఆగిపోయింది. పోప్‌ని నమ్ముకున్న జర్మన్ ప్రభువులు నోరు తెరిచి చూస్తుండిపోయారు. అయినా మార్చిలో వాళ్లు ఆ దక్షిణ జర్మనీ డ్యూకుల్లో ఒకడైన రూడాల్ఫ్‌ని పోటీ రాజుగా ఎన్నుకున్నారు, అంతర్యుద్ధం వచ్చింది. 1080లో యుద్ధంలో రూడాల్ఫ్ కుడి చెయ్యి తెగి చచ్చిపోయాడు. హెన్రీకి ప్రమాణం చేసిన చెయ్యి అదే కాబట్టి దేవుడే నరికాడని హెన్రీ పక్షం వాళ్లు ఊరూరా చెప్పుకున్నారు. అదే ఏడాది గ్రెగరీ మళ్లీ వెలి వేశాడు. ఈసారి అంత పని చేయలేదు. ఒకే బాణం రెండోసారి వేస్తే పదును తగ్గుతుంది. 1084లో హెన్రీ రోమ్ పట్టుకుని, తను నిలబెట్టిన పోప్ చేత కిరీటం పెట్టించుకున్నాడు. గ్రెగరీని విడిపించడానికి దక్షిణ ఇటలీని ఏలుతున్న నార్మన్లు వచ్చి, విడిపించి, పనిలో పనిగా నగరాన్ని దోచి తగలబెట్టారు. రోమ్ జనం ఆగ్రహానికి ఆ ఊళ్లో ఉండలేక గ్రెగరీ 1085లో సలెర్నోలో పోయాడు. హెన్రీ కథ కూడా సుఖాంతం కాదు. 1105లో కన్న కొడుకే దించేశాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. వెలిలో పోయినవాడు కాబట్టి శవపేటిక 1111 దాకా స్పైయర్‌లో ఇంకా ప్రతిష్ఠ జరగని ఒక మందిరంలో పడి ఉంది.

ఆ 1111 గురించే నేను అసలు చెప్పాలనుకున్నది. కనోసా అందరికీ తెలుసు, 1111 ఎవరికీ పట్టదు. ఇదంతా భూమి తగాదా అన్న నా మాటకి ఆ ఏడాదే సాక్ష్యం.

అప్పుడు రాజు ఐదో హెన్రీ, ఆ తండ్రిని దించిన కొడుకు. పోప్ రెండో పాస్కల్, మఠంలో పెరిగిన సన్యాసి. ఐదో హెన్రీ వాదన సూటిగా ఉంది: బిషప్‌ల దగ్గర నా ఊళ్లు, నా కోటలు, నా సుంకాలు ఉన్నాయి. అవి ఎవరి చేతికి పోతున్నాయో నేను చూసుకోవద్దా? పాస్కల్ ఆలోచించి ఎవరూ ఊహించని జవాబిచ్చాడు. సరే, రాజు ఇచ్చినవన్నీ బిషప్‌లు రాజుకి తిరిగి ఇచ్చేస్తారు. భక్తుల కానుకలు, దశమ భాగంతో బతుకుతారు. రాజు మాత్రం బిషప్‌ల నియామకం జోలికి రాకూడదు. ఎంత సబబుగా ఉందో చూడండి! మతం మతానికి, భూమి రాజుకి. తగాదా నిజంగా మతం గురించే అయితే ఆ రోజుతో ముగిసిపోవాలి.

ఫిబ్రవరి 12న రోమ్‌లో సెయింట్ పీటర్ చర్చిలో, పట్టాభిషేకానికి ముందు ఆ ఒప్పందం పైకి చదివారు. చదివీ చదవగానే గోల. బిషప్‌లు మండిపడ్డారు, మా ఆస్తి ఇచ్చేయడానికి నువ్వెవరివని. బిషప్‌లే కాదు, మామూలు ప్రభువులు కూడా లేచారు. ఎందుకంటే వాళ్లలో చాలామంది బిషప్‌ల దగ్గర ఫీఫ్‌లు పుచ్చుకున్నవాళ్లే. బిషప్ భూమి రాజుకి పోతే తమ భూమి గతేమిటి? పట్టాభిషేకం ఆగిపోయింది. హెన్రీ పోప్‌నీ కార్డినళ్లనీ బందీలుగా పట్టుకుపోయాడు. రెండు నెలలు నిర్బంధించి, ఉంగరం, చేతికర్ర ఇచ్చే హక్కు రాజుదేనని రాయించుకుని, ఏప్రిల్‌లో కిరీటం పెట్టించుకున్నాడు. మరుసటి ఏడాది చర్చి ఆ కాగితం చెల్లదంది. పేదగా బతుకుదామన్న పోప్ మాటకి సొంత బిషప్‌లే అడ్డం పడ్డారు. ఆ ఫిబ్రవరి పొద్దున పోప్ ఒంటరివాడు.

ఇక 1122 సెప్టెంబరు 23న వర్మ్స్‌లో రాజీ కుదిరింది. ఉంగరం, చేతికర్ర చర్చి ఇస్తుంది. భూములు, హక్కులు రాజు ఇస్తాడు, కానీ తన రాజదండంతో ఇస్తాడు. జర్మనీలో ఎన్నిక రాజు ఎదుట జరగాలి, అభిషేకానికి ముందే దండంతో భూమి ఇవ్వాలి. ఇటలీ, బర్గండీల్లో అభిషేకం అయిన ఆరు నెలల్లోపు. చేతికిచ్చే వస్తువు మారింది, అంతే! ఆ చిన్న మార్పు కోసం రెండు తరాలు కొట్టుకున్నాయి. అయితే ఆ మార్పు చిన్నది కాదని కూడా చెప్పాలి. ఒకే మనిషి ఇద్దరికి జవాబుదారీ అని, ఒకరిది పదవి, ఇంకొకరిది ఆస్తి అని కాగితం మీద విడదీశారు. జర్మన్ రాజులకి ఆ తర్వాత బిషప్‌ల మీద పాత పట్టు మళ్లీ దొరకలేదు. అక్కడ బలపడింది పోప్ కన్నా స్థానిక ప్రభువులు.

ఇంగ్లండ్ సంగతి కొంచెం త్వరగా చెబుతాను. అక్కడి లెక్క మనకు బాగా తెలుసు, ఎందుకంటే 1086లో ఆ దేశాన్ని జయించి రాజైన విలియం దేశమంతా సర్వే చేయించాడు. పదమూడు వేలకి పైగా ఊళ్ల వివరాలున్న డూమ్స్‌డే గ్రంథం అది. ఒక్క ఎద్దుని, ఒక్క పందిని కూడా వదలకుండా రాసుకున్నారని అప్పటి చరిత్రకారుడు విసుక్కున్నాడు. ఆ లెక్క ప్రకారం దేశంలో భూమి విలువలో దాదాపు నాలుగో వంతు చర్చిది. మరి రాజులు ఊరుకుంటారా? విలియం కొడుకు రూఫస్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆర్చ్‌బిషప్ పోతే కొత్తవాణ్ణి వెయ్యకపోవడం. పదవి ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ భూముల రాబడి రాజుకే. 1089 నుంచి 1093 దాకా ఇంగ్లండ్ చర్చిలో అన్నిటికన్నా పెద్దదైన కాంటర్‌బరీ పీఠం అలా ఖాళీగా ఉంచాడు. 1100లో వేటలో బాణం తగిలి చచ్చేనాటికి కాంటర్‌బరీ, వించెస్టర్, సాల్స్‌బరీ మూడింటి రాబడీ అతని ఖజానాకే వస్తోంది. 1164లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ క్లారెండన్‌లో పాత ఆచారాలంటూ రాయించిన నియమాల్లో కూడా ఖాళీ పీఠం రాబడి రాజుకే అన్నది పన్నెండోది. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్ హత్య గురించి మీరు విని ఉంటారు, 1170 డిసెంబరు 29న, నలుగురు నైట్లు చర్చిలోనే నరికారు. నేరం చేసిన మతగురువుని ఎవరు శిక్షించాలన్న తగాదా అని మనకు చెబుతారు. అదీ నిజమే. కానీ ఆ నియమాలు మొత్తం చదివితే పొలాల వాసన వస్తుంది.

జాన్ రాజు కథ మరీ విచిత్రం. కాంటర్‌బరీకి పోప్ మూడో ఇన్నోసెంట్ స్టీఫెన్ లాంగ్టన్‌ని ఎంపిక చేస్తే జాన్ ఒప్పుకోలేదు. 1208 నుంచి దేశమంతా చర్చి కర్మలు ఆగిపోయాయి. జాన్ ఏం చేశాడు? చర్చి ఆస్తులు స్వాధీనం చేసుకుని రాబడి తిన్నాడు. ఫ్రాన్స్ దండెత్తి వస్తుందని భయపడ్డాక 1213లో అడ్డం తిరిగాడు. ఇంగ్లండ్‌నీ ఐర్లండ్‌నీ పోప్‌కి అప్పగించి, ఏటా 1000 మార్కులు కడతానని, వాటిని పోప్ దగ్గర ఫీఫ్‌గా తిరిగి పుచ్చుకున్నాడు! రాజ్యానికి రాజు పోప్ సామంతుడయ్యాడు. 1215 జూన్‌లో ప్రభువులు మెడ మీద కత్తి పెట్టి మాగ్నా కార్టా రాయించుకున్నప్పుడు ఇది అక్కరకొచ్చింది. పైప్రభువు హోదాలో పోప్ ఆగస్టు 24న ఆ పత్రం చెల్లదన్నాడు. మనం స్వేచ్ఛల పత్రమని మొక్కే కాగితాన్ని మొదట కొట్టేసింది పోప్. రాయించడంలో చెయ్యి ఉన్నది ఆ పోపే పెట్టిన లాంగ్టన్.

ఇంతసేపూ రాజులు, పోప్‌లు, ప్రభువులు అన్నాను. ఈ భూమి దున్నింది ఎవరు? 1020ల్లో ఫ్రాన్స్‌లోని లాఁ అనే ఊరి బిషప్ అడల్‌బెరో, సమాజంలో మూడు రకాలవాళ్లు ఉన్నారన్నాడు: ప్రార్థించేవాళ్లు, పోరాడేవాళ్లు, పని చేసేవాళ్లు. దేవుడి ఇల్లు ఒకటే, మూడు భాగాలు అని. చెప్పింది మొదటి రకం మనిషి కాబట్టి వరసలో తను ముందున్నాడు. (నవ్వులు) మూడో రకానికి ప్రభువు పొలంలో వారానికి రెండు మూడు రోజుల వెట్టి ఉండేది. పంటలో పదో వంతు చర్చికి. ఇంటి పెద్ద చస్తే చాలా చోట్ల మంచి పశువు ప్రభువుకి, ఆ తర్వాతిది చర్చికి. ప్రభువే మఠాధిపతి అయితే? రెండూ ఒకే వైపు పోయేవి. బిషప్‌ని ఎవరు నియమించినా రైతుకి తేడా పడలేదు. పడిందని చెప్పే ఆధారం నాకు ఎక్కడా కనపడలేదు.

సెయింట్ ఆల్బన్స్ మఠం చూడండి, లండన్‌కి ఉత్తరాన. అక్కడ మఠం నీటి మరలోనే ధాన్యం ఆడించాలి, ఆడించినందుకు ధాన్యంలో వాటా ఇవ్వాలి. ఇంట్లో తిరగలి పెట్టుకోవడం నేరం. జనం పెట్టుకున్నారు. 1330ల మొదట్లో మఠాధిపతి రిచర్డ్ ఇల్లిల్లూ సోదా చేయించి తిరగళ్లన్నీ పట్టుకొచ్చి, ఆ రాళ్లతో మఠంలో ఒక గదికి గచ్చు వేయించాడు. ఈ రిచర్డ్ మామూలు మనిషి కాదు. కమ్మరి కొడుకు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, సూర్యచంద్రుల గతి చూపించే గొప్ప గడియారం తయారు చేసిన శాస్త్రజ్ఞుడు. కుష్ఠుతో బాధపడుతూ కూడా పని ఆపలేదు. కింది నుంచి వచ్చినవాడు, తెలివైనవాడు, అయినా మఠం రాబడి దగ్గర ఒక్క గింజ వదల్లేదు. మనిషి మంచి చెడ్డలతో పని లేకుండా ఆ కుర్చీ ఎలా పనిచేయిస్తుందో చూడండి.

అయిదు దశాబ్దాలు ఆ గచ్చు మీద సన్యాసులు నడిచారు. 1381లో ఇంగ్లండ్ రైతులు తిరగబడ్డారు. సెయింట్ ఆల్బన్స్‌లో విలియం గ్రిండ్‌కాబ్ ముందు నడిచాడు. జనం మఠంలోకి వచ్చి గచ్చు పెకలించి, రాళ్లు పగలగొట్టి, ముక్కలు ఇంటింటికీ పంచుకున్నారు. ఆదివారం చర్చిలో పవిత్రమైన రొట్టె పంచుకున్నట్టు పంచుకున్నారని ఆ మఠంలోని సన్యాసి థామస్ వాల్సింగ్‌హామ్ రాశాడు. ఆయన అది తిట్టడానికే రాశాడు, మనకి మాత్రం మేలు చేశాడు. తమ హక్కులు తమకివ్వమంటూ మఠాధిపతి చేత పత్రాలు కూడా రాయించుకున్నారు. నెల తిరిగేసరికి పదిహేనేళ్లు కూడా నిండని రెండో రిచర్డ్ రాజు తన న్యాయమూర్తితో ఆ ఊరు వచ్చాడు. పత్రాలు రద్దయ్యాయి. "ఆదాము తవ్వినప్పుడు, హవ్వ వడికినప్పుడు, దొర ఎవడు?" అని ప్రసంగించిన పూజారి జాన్ బాల్‌ని జులై 15న ఆ ఊళ్లోనే ఉరి తీశారు. గ్రిండ్‌కాబ్‌నీ ఉరి తీశారు. రాజుకీ మఠానికీ మధ్య ఎన్ని తగాదాలున్నా, ఆ వారం ఇద్దరూ ఒక్కటే.

మఠానికి ఆ భూమి శాశ్వతంగా ఏమీ దక్కలేదు. 1539లో ఎనిమిదో హెన్రీ సెయింట్ ఆల్బన్స్ మఠాన్ని మూసేశాడు. ఆ నాలుగైదేళ్లలో ఇంగ్లండ్, వేల్స్‌లోని మఠాలన్నీ అలాగే పోయాయి. ఆ భూముల్లో పెద్ద భాగం డబ్బున్న పెద్దమనుషులు కొనుక్కున్నారు. రైతుకి ప్రభువు పేరు మారింది. జర్మనీలో ఇంకా ఆలస్యం. మైంజ్, కొలోన్, ట్రియర్ ఆర్చ్‌బిషప్‌లు 1356 శాసనం ప్రకారం రాజుని ఎన్నుకునే ఏడుగురిలో ముగ్గురయ్యారు. సొంత సంస్థానాలు ఏలుతూనే ఉన్నారు. 1111లో పాస్కల్ ఇచ్చేద్దామన్న ఆ ఊళ్లు, కోటలు, సుంకాలు జర్మన్ బిషప్‌ల చేతిలో నుంచి జారింది 1803లో, నెపోలియన్ ఒత్తిడి మీద. అప్పుడు కూడా బిషప్‌లు ఇష్టపడి ఇవ్వలేదు.

టైమ్ అయిపోయిందని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. (నవ్వులు) ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్, పోప్ ఎనిమిదో బోనిఫేస్ కథ, క్రూసేడ్లు, ఇవేవీ ముట్టుకోలేదు. కావాలంటే ప్రశ్నల్లో అడగండి, చెబుతాను.